ఐసు పెట్టిన కన్ను

ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా కంటి ముందు దోమలు ఎగురుతూ, ఎంత కొట్టినా చావకుండా ఉంటే, ముందు దోమలబత్తి ఆర్పేసి కంటి ఆసుపత్రికి వెళ్ళండి. మిగతాది తిరిగొచ్చాక చదువుకోవచ్చు. నేనెక్కడికీ పోను. పోదామన్నా కుడివైపు ఏముందో ఎవరో ఒకరు చెప్పాలి.

నా పేరు నూకరాజు. విశాఖపట్నం ఒడ్డున వలలు ఆరేసుకునే పేటలో పుట్టినవాణ్ణి. వయసు నలభై దాటింది, బరువు నూట ఇరవై కిలోలకి ఒక్క ఇడ్లీ తక్కువ. ఆ ఇడ్లీ కూడా తింటే నా వృత్తికి పనికిరాను. వృత్తి మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్, అందులో హెవీవెయిట్. అంటే ఇద్దరు మనుషుల్ని కంచె బోనులోకి వదిలి తలుపు వేస్తారు. గుద్దుకోవచ్చు, తన్నుకోవచ్చు, కిందపడేసి మెడ బిగించొచ్చు. మా పేటకి నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పుడు జరిగేదే ఇదీనూ. కాకపోతే ఇక్కడ రిఫరీ ఉంటాడు.

నేను పుట్టినప్పుడు మంత్రసాని కవలలనుకుందట. పెళ్ళి ఊరేగింపుకి తెచ్చిన గుర్రం నన్ను ఎగాదిగా చూసి అక్కడే కూర్చుండిపోయింది. పడవని ఇసకలోకి లాగాలంటే పేటంతా ఒక తాడు పట్టుకునేది, రెండో తాడు నేను పట్టుకునేవాణ్ణి. గాజువాకలో టైర్ల షాపు పైమేడ మీద ఈ ఆట నేర్పే మాస్టారొకాయన ఒకరోజు చేపల కోసం ఫిషింగ్ హార్బరుకి వచ్చాడు. ఐసు దిమ్మని చంకలో పెట్టుకుని, రెండో చేత్తో టీ తాగుతూ పోతున్న నన్ను చూశాడు. చేపల సంగతి మరిచిపోయి నన్ను తీసుకుపోయాడు.

ఈ బరువులో ఉన్న చిక్కేమిటంటే కొట్టుకోడానికి ఎదుట మనిషి ఉండడు. శ్రీకాకుళం నుంచి తుని దాకా గాలించినా దొరకలేదు. అంత లావున్నవాళ్ళు లేకపోలేదు, కానీ వాళ్ళంతా స్వీటు షాపుల్లో గల్లాపెట్టె దగ్గర హాయిగా కూర్చుని ఉన్నారు. అంచేత సాధనకి ఐసు దిమ్మకి పాత వల చుట్టి దాంతోనే కుస్తీ పట్టేవాణ్ణి. జారేది, చల్లగా మీద పడేది, చివరికి కరిగి అదే ఓడిపోయేది. అసలు పోటీకి మాత్రం ఎవణ్ణో ఉత్తరాది నుంచి రైల్లో దింపాల్సిందే.

అక్కడా ఒక తిరకాసుంది. కొన్ని రైళ్ళు విశాఖపట్నం స్టేషన్లోకి రావు. దువ్వాడలో కాసేపు ఆగి అటునుంచి అటే పోతాయి. ఈ సంగతి వచ్చేవాడికి తెలియదు, దండలు పట్టుకుని ఎదురెళ్ళే మా మాస్టారుకి గుర్తుండదు. మేము విశాఖ స్టేషన్లో బ్యాండు మేళంతో నిలబడితే, ఆ మహానుభావుడు దువ్వాడ దాటిపోయి, రాజమండ్రిలో నిద్రలేచి గోదావరి చూసుకునేవాడు. పోటీకి ఎదుటివాడు రాకపోతే రిఫరీ వచ్చినవాడి చెయ్యి పట్టుకుని పైకెత్తుతాడు. వాడే గెలిచినట్టు. అలా ఖాళీ బోనులో, నాకెదురుగా ఎవరూ లేకుండా, ఎన్నిసార్లు నా చెయ్యి పైకి లేచిందో! నా గెలుపుల్లో సగం రైల్వేవాళ్ళవే.

పోటీలు జరిగేది కల్యాణమండపాల్లో. ముందురోజు ఎవరిదో పెళ్ళి, మర్నాడు మా పోటీ. తోరణం మీద ఎవరో అమ్మాయి పేరు, ఎవరో అబ్బాయి పేరు అలాగే ఉండేవి. ఆ బంతిపూల కింద నుంచి, పులిహోర వాసన పీలుస్తూ, చెడ్డీతో నేను నడిచివెళ్ళేవాణ్ణి.

నా వెనకాల ఎల్లాజీ బావ. మా ఆవిడ పోలమ్మకి అన్న. హార్బరులో బోట్లకి ఐసు ఎత్తే పని. నాకు బోను పక్కన నిలబడి కేకలేసే మనిషి. ఆయన గొంతు విప్పితే హార్బరులో లంగరేసిన ఓడలు దారి కోసం హారన్ కొట్టేవి. ఎదుటివాడికి అర్థం కాకుండా మేము వేట మాటలు పెట్టుకున్నాం. 'పోటు' అంటే వాడు మీదికొస్తున్నాడు. 'పాటు', అంటే నీళ్ళు దిగడం, వాడు వెనక్కి తగ్గుతున్నాడు, తరుముకో అని. 'వల' అంటే కాళ్ళు పట్టి పడెయ్. 'లంగరు' అంటే ఉన్నచోటే బిగించి ఉండు. ఉత్తరాది మల్లులు ఆ కేకలు విని ఏదో మంత్రం చదువుతున్నారనుకునేవారు.

బావ దగ్గర ఇంకొకటి ఉండేది. ఇనపబిళ్ళ. స్టీల్ ప్లాంటులో పనిచేసే స్నేహితుడు నున్నగా సానపట్టి ఇచ్చాడు. దాన్ని చేపల పెట్టెలో ఐసు మధ్య పెట్టి, రౌండుకీ రౌండుకీ మధ్య నా మొహం మీద వాచినచోట అదిమేవాడు. ఈ ఆటలో అందరూ చేసే పనే అది. వాపు కన్ను మూసెయ్యకుండా చల్లటి ఇనుముతో వెనక్కి నొక్కుతారు. మాది కానాగంత చేపల పక్కన పడుకున్న ఇనుము కాబట్టి వాసన వేరుగా ఉండేది. అంతే తేడా.

ఫిబ్రవరి ఆఖరు

ఆనందపురంలో హైవే పక్కన కొత్త కల్యాణమండపం. ఈసారి కుర్రాడు సరైన స్టేషన్లో దిగాడు. అక్కడే నా దరిద్రం మొదలైంది.

వాడి వయసు నా చెప్పుల వయసంత. మోచెయ్యి మాత్రం రోడ్డు రోలరుకి విడిభాగంలా ఉంది. రెండో రౌండులో అది నా కుడి కంటి మీద పడింది. మండపంలోని లైట్లన్నీ ఒక్కసారి ఆరి వెలిగాయి. ఆరింది నా ఒక్కడికే అని తరవాత తెలిసింది. బావ బిళ్ళతో అదిమాడు. మూడో రౌండు కూడా కొట్టుకున్నాను, ఓడిపోయాను. వాడు నా కాళ్ళకి దండం పెట్టి, "ఆశీర్వాదం ఇవ్వండి అంకుల్" అన్నాడు. మోచేతి దెబ్బ కంటే ఆ అంకుల్ గట్టిగా తగిలింది.

మర్నాటినుంచి దోమలు. నల్లగా, సన్నగా, కుడివైపే ఎగురుతున్నాయి. చప్పట్లు కొట్టి చంపబోతే తప్పించుకుంటున్నాయి. నేను ఇల్లంతా తిరుగుతూ చప్పట్లు కొడుతుంటే పోలమ్మ గిన్నెలు తోముతూ చూసింది.

"దోమలేవీ నేవు మావా. ఏటలాగ సప్పట్లు కొడతన్నావు? భజన సేత్తన్నావేటి?"

"నీకు కనపడ్డంనేదా? ఇదిగో, ఇక్కడ!"

"నీకు తప్ప ఎవులికీ కనపడ్డంనేదు. నీ ఒళ్ళు సూసి అయి నీ సుట్టూనే తిరుగుతన్నాయేమో."

నాలుగు మూలలా నాలుగు దోమలబత్తులు వెలిగించాను. ఇంట్లో అందరూ దగ్గారు. పక్కింటివాళ్ళు దగ్గారు. దోమలు మాత్రం దగ్గలేదు. తరవాత కంటి మూల మెరుపులు. వాన లేదు, మబ్బు లేదు, మెరుపులు. ఆ తరవాత కింది మూలనుంచి నల్లటి తెర. పోటుకి నీళ్ళు ఒడ్డెక్కినట్టు పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం.

ఇక్కడే మేము తప్పు చేశాం. బడిపంతులుకో బ్యాంకు గుమస్తాకో కంట్లో తెర దిగితే భయపడి ఆసుపత్రికి పరుగెత్తుతాడు. మేము భయపడలేదు. మాకు తెర అలవాటే. కన్ను వాచి రెప్ప మూసుకుపోతే చూపు సగం పోవడం, బిళ్ళతో అదిమితే తిరిగి రావడం మా బతుకంతా చూశాం. రెప్ప వాచిందో లేదో అద్దంలో చూసుకోవాలని ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు.

"లోపల వాసినాది బావా," అన్నాడు ఎల్లాజీ బావ. "పైకి తెలీదు. ఐసెట్టి ఒత్తుదాం, దిగిపోతాది."

"గట్టిగా ఒత్తు," అన్నాను నేను.

ఒత్తాడు. పొద్దున హార్బరుకి పోతూ ఒకసారి, వచ్చాక ఒకసారి. తల్లి పిల్లకి కాటుక పెట్టేటంత ఓపిగ్గా ఒత్తాడు. తెర పైకి వస్తూనే ఉంది. మేము ఐసు మారుస్తూనే ఉన్నాం.

మార్చి

ఒక పొద్దున కుడి కంటితో పోలమ్మ మొహం చూస్తే బొట్టు మాత్రమే ఉంది. మొహం లేదు. మధ్యాహ్నానికి బొట్టూ పోయింది.

కంటి ఆసుపత్రిలో వేచి ఉండే గది నిండా శుక్లాల ముసలమ్మలు. సింహాచలం కొండకింది వాళ్ళు, ఆనందపురం పొలాల వాళ్ళు, పచ్చగుడ్డ కట్టుకున్నవాళ్ళు, నల్లద్దాలవాళ్ళు. వాళ్ళ మధ్య నేను చిన్న కవ్వళ్ళ చేపల బుట్టలో పడ్డ సొరచేపలా కూర్చున్నాను. కుర్చీ ఒకటి సరిపోలేదు, రెండు తీసుకున్నాను. పక్కన ఉన్న ముసలమ్మ నా మోకాలిని తడిమి చూసి, ఇది స్తంభమా మనిషా అని తేల్చుకుంది.

"ఏటి నాయినా, శుక్లమా?"

"కాదప్పా. దెబ్బ."

"ఎవులు కొట్టినారు? పెళ్ళామా?"

గదంతా గొల్లుమంది. పోలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలమ్మ కొంగుముడి విప్పి నాలుగు వేయించిన సెనగలు నా చేతిలో పోసి, "తిను. కూకోడానికి సత్తువుండాల," అంది. ఆ నెలల్లో నాకు దొరికిన మందుల్లో కచ్చితంగా పనిచేసింది అదొక్కటే.

డాక్టరమ్మ సన్నగా, నా ముంజేయంత ఉంటుంది. కంట్లోకి దీపం వేసి చూసింది. చాలాసేపు చూసింది. మా ఆటలో ఎదుటివాడు మాట్లాడకుండా అంతసేపు చూశాడంటే మనకి మూడినట్టే.

"కంటి వెనకాల గోడకి అంటుకుని ఒక పొర ఉంటుంది నూకరాజు గారూ. చూపంతా దాందే. అది చిరిగి ఊడిపోయింది. మధ్య భాగం కూడా ఊడింది. తెర మూలలో ఉన్నప్పుడే వచ్చి ఉంటే బాగుండేది. ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

నేను నోరు తెరిచేలోపు నా వెనకనుంచి, "ఐసెట్టి ఒత్తినాం మేడమ్," అన్నాడు బావ. అన్నవాడు జేబులోంచి బిళ్ళ తీసి చూపించాడు కూడా. డాక్టరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. వాసన చూసింది. ఆవిడ ముక్కు అప్రయత్నంగా ముడుచుకుంది.

"దీంతో ఒత్తారా? కంటి మీద?"

"నానే ఒత్తినాను."

"ఊడిన పొర ఉన్న కంటిని ఎప్పుడూ ఒత్తకూడదండీ. దానివల్ల ఎంత పోయిందో, ఆలస్యం వల్ల ఎంత పోయిందో నేను చెప్పలేను." ఆవిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బావకి కాస్త తేలిగ్గా ఉండేది.

బావ బిళ్ళని తిరిగి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజునుంచి ఆయన గొంతు మూగబోయింది. మాట్లాడటం మానేశాడని కాదు. అన్నం తిన్నావా, మందు వేశావా అని నెమ్మదిగా అడిగేవాడు. ఆ పాత కేక మాత్రం పోయింది. హార్బరులో కూడా ఐసు కోసం చేతులు ఊపి పిలుస్తున్నాడని పేటలో చెప్పుకున్నారు.

ఆపరేషన్ చేశారు. తెలివిలో ఉండగానే చేశారు. మొహం మీద గుడ్డ కప్పి, "కదలొద్దు" అన్నారు. ఇన్నేళ్ళలో వెనకాల బావ లేకుండా నేను పోరాటానికి దిగడం అదే మొదటిసారి. లంగరు, లంగరు అని నాకు నేనే చెప్పుకున్నాను. మన గొంతుతో మనం చెప్పుకుంటే ఆ మాటకి బరువుండదు.

అయ్యాక డాక్టరమ్మ చెప్పింది. కంట్లో గ్యాసు నింపారట. అది పైకి తేలుతుంది కాబట్టి ఊడిన పొర గోడకి నొక్కుకోవాలంటే మొహం కిందికి పెట్టి పడుకోవాలి. వారాలపాటు. తినేటప్పుడు, స్నానానికి తప్ప ఎప్పుడూ బోర్లాయే.

"కంట్లో గేసేటి? కడుపులో కదా ఉంటాది," అంది పోలమ్మ.

"విమానం ఎక్కకూడదు. ఎత్తైన కొండలకి పోకూడదు," అంది డాక్టరమ్మ. విమానం విషయంలో నేను ఎంతో కష్టపడి నన్ను నేను నిగ్రహించుకున్నాను.

వేట ఆగిన రోజులు

మా ఆటలో బోర్లా పడటమంటే ఓడిపోవడమే. వీపు మీదికి ఎదుటివాడు ఎక్కుతాడు, మెడ కింద చెయ్యి పెడతాడు, అయిపోతుంది. చేతులు విరిగినా పరవాలేదు బోర్లా పడకు, అని మాస్టారు మొదటిరోజే చెప్పాడు. అటువంటిది ఏ మల్లుడూ నాతో చేయించలేని పనిని నాకు చీటీ మీద మందులా రాసిచ్చారు.

నేను బోర్లా పడుకుంటే మంచానికీ నాకూ మధ్య నా పొట్ట. దాని మీద నేను ఒడ్డునెక్కించిన పడవలా అటూ ఇటూ ఊగేవాణ్ణి. ముక్కు అణిగిపోయేది. దిండు తడిసిపోయేది. చెమటో కన్నీళ్ళో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. లోకమంతా నేల మీద ఉన్న ఒక గచ్చు పగులు. అందులో చీమలు పోయే దారి, అవి వచ్చే దారి నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. మనుషుల్ని పాదాలతో గుర్తుపట్టేవాణ్ణి. పోలమ్మ పాదాల పగుళ్ళు అంత లోతుగా ఉన్నాయని అన్నాళ్ళ కాపురంలో నేను చూడలేదు.

కన్ను మళ్ళీ చూపించుకోడానికి వెళ్ళినప్పుడు వేచి ఉండే గదిలో రహీం భాయ్ అని ఒకాయన పరిచయమయ్యాడు. పాతనగరంలో పరుపులు కుట్టే మనిషి, భార్య కంటికి తీసుకొచ్చాడు. నా మెడ బిగుసుకుపోయి ఉండటం చూశాడు. రెండు రోజులకి చిరునామా వెతుక్కుంటూ మా పేటకి వచ్చాడు. చేతిలో పెద్ద తలగడ, మధ్యలో చిల్లు. అచ్చం గారె.

"అరే పహిల్వాన్ భాయ్, జిందగీ అంతా తలకాయలకే తలగడలు కుట్టినాను. మొఖానికి కుట్టింది ఇదే ఫస్టు. ఊపిరి ఆడుతుందా చూడు."

ఆడింది. ఆ చిల్లులోంచి ఆయన చెప్పుల్లేని పాదాలు కనిపించాయి. చెప్పులు గుమ్మం బయటే విప్పి వచ్చాడు. అంత పాత నేల మీద, అన్ని చీమల మధ్య. నేను గారెలోంచి దండం పెట్టాను.

ఏప్రిల్ నడిమికి వేట ఆపేశారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఆపుతారు. బోట్లన్నీ హార్బరులో కట్టేశారు, ఐసుకి పని లేదు. బావ పొద్దున్నే వచ్చి నా మంచం పక్కన కూర్చునేవాడు. ఆయన కాళ్ళు చూసేవాణ్ణి. కదిలేవి కావు. రోజుల తరబడి ఆ రెండు కాళ్ళు, మాట లేకుండా.

ఒకరోజు పోలమ్మకి ఒళ్ళు మండింది.

"ఏటన్నా అలగ కూకున్నావు, ఎవులో పోయినట్టు? మాటాడవేటి? నోట్లో ఐసెట్టుకున్నావా?"

కాళ్ళు కాస్త వెనక్కి జరిగాయి. "ఈ సెయ్యే కదే," అన్నాడు బావ. "ఆడు ఒక్కపాలి కొట్టినాడు. నాను రోజుకి రెండుపాల్లు కొట్టినాను."

"ఒత్తమన్నది నాను కదా బావా," అన్నాను తలగడలోంచి. "గట్టిగా ఒత్తమన్నాను. ఇన్నేదా?"

"ఇన్నాను. నువ్వు దెబ్బలు తిన్నోడివి బావా, నీకేటి తెలుస్తాది. బయటుండి సూడ్డానికే కదా నానున్నాను."

నేను ఇంకేమన్నా అది నేల వైపే పోయేది. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆ పూట ఒకరి మొహం ఒకరు చూసుకోలేదని పాదాల్ని బట్టి తెలిసింది.

సింహాచలంలో చందనోత్సవం వచ్చింది. ఏడాదంతా గంధం కప్పుకుని ఉండే స్వామి ఆ ఒక్కరోజే నిజరూపంలో కనిపిస్తాడు. ఏటా ఇద్దరం వెళ్ళేవాళ్ళం. వరసలో నా వెనక నిలబడినవాళ్ళకి స్వామి కనపడక తిట్టుకునేవాళ్ళు. ఈసారి పోలమ్మ ఒక్కతే వెళ్ళింది. ఎండలో వాడిపోయి వచ్చి నా మెడ మీద చల్లగా గంధం రాసింది.

"నీ బదులు నానే సూసీసినాను మావా. రెండుపాల్లు సూసినాను. నీదొకటి, నాదొకటి."

"ఎలగున్నాడు?"

"ఏటో, కళ్ళంట నీళ్ళొచ్చీసి నాకూ సరిగ్గా అవుపడనేదు."

జూన్

గ్యాసు కరుగుతూ వచ్చింది. కంట్లో సగం దాకా నీళ్ళున్న సీసాలా గీత కనిపించేది. గీత పైన వెలుగు, మసగ్గా మనుషులు. పోలమ్మ పమిట ఎరుపు కనిపించింది. పేటంతా పండగ చేశారని చెప్పలేను గానీ, మా ఇంట్లో వంజరం పులుసు వండారు, నేను కూర్చుని తిన్నాను. ఇంకొక్క పోటీ, మర్యాదగా ఒక్కటి కొట్టుకుని మానేస్తానని మాస్టారుకి కబురు కూడా పంపాను. మనిషికి ఆశ ఉంటే అందులో సిగ్గుండదు.

వేట మొదలై బోట్లు పోయిన వారంలో తెర మళ్ళీ వచ్చింది. ఈసారి పైనుంచి. ఈసారి ఐసు పెట్టలేదు, గంటలో ఆసుపత్రిలో ఉన్నాం. ఎంత తొందరగా వెళ్ళినా జరగాల్సింది జరిగిపోయి ఉంది. పొర ముడుచుకుపోయిందన్నారు. రెండో ఆపరేషన్. ఈసారి గ్యాసు కాదు, నూనె నింపారు. కళ్ళల్లో వత్తులు వేసుకుని ఎదురుచూస్తున్నామని అంతకుముందే అందరికీ చెప్పుకుంటున్నాం. వత్తులు మావి, నూనె వాళ్ళది. వెలగడమొక్కటే మిగిలింది.

మళ్ళీ బోర్లా. మళ్ళీ గచ్చు పగులు. చీమలు మారాయి, కొత్త తరం. రహీం భాయ్ వచ్చి తలగడలో దూది ఏకి మళ్ళీ నింపి ఇచ్చాడు.

ఎడమ కంట్లో కూడా పొర ఒకచోట పల్చబడిందని చెప్పి లేజరుతో అతికారు. మా ఊళ్ళో వెల్డింగు కొత్త కాదులే అని నవ్వబోయాను, నవ్వు రాలేదు. అప్పటినుంచి పొద్దున లేవగానే కుడి కన్ను మూసుకుని, ఎడమ కంటితో సముద్రంలో లంగరేసిన ఓడల్ని లెక్కపెట్టుకుంటాను. నిన్నటికంటే ఒకటి తగ్గితే గుండె ఆగుతుంది. అది రేవులోకి వెళ్ళిందని ఎవరైనా చెప్పేదాకా మళ్ళీ కొట్టుకోదు. ఇప్పుడు నన్ను దోమ కుడితే నాకు సంతోషం. కుట్టిందంటే అది నిజం దోమ.

ఆగస్టు

నూనె తీసేశాక చివరి పరీక్ష. ఇక చెయ్యడానికేమీ లేదు, ఉన్నది ఎంతో చూడటమే అంది డాక్టరమ్మ. పోలమ్మ బయట ముసలమ్మల మధ్య కూర్చుంది, లోపలికి రానంది. బావ నా వెనకాల నిలబడ్డాడు. బోను పక్కన కేకలేసే మనిషి ఎక్కడుంటాడో అక్కడే. అలవాటు.

ఆవిడ నా ఎడమ కన్ను అరచేత్తో మూసింది.

"నా చెయ్యి మీకెదురుగా ఉంది. వేళ్ళెన్నో చెప్పండి."

నాకెదురుగా మంచు పట్టిన సముద్రం ఉంది. అందులో పడవ లేదు, ఒడ్డు లేదు. వేళ్ళ కోసం వెతికాను. నా జీవితంలో ఏ మల్లుణ్ణీ అంత కష్టపడి వెతకలేదు.

"మూడు బావా! మూడూ!"

నెలల తరవాత ఆ గొంతు. గోడ మీద అక్షరాల అట్ట ఊగింది. బయట ముసలమ్మలు కుర్చీల్లోంచి లేచారు. శుక్లాలు వాటంతటవే రాలిపోయి ఉంటాయి. బోను పక్కన నిలబడి కన్ను వాచిన నాకు ఎదుటివాడి చెయ్యి ఎక్కడుందో చెప్పే కేక అది. ఆయన కావాలని అన్నాడనుకోను. నేను ఓడిపోతున్నాను, ఆయన వెనకాల ఉన్నాడు, నోరు దానంతటదే తెరుచుకుంది.

"మూడండి," అన్నాను గంభీరంగా.

"ఎల్లాజీ గారూ," అంది డాక్టరమ్మ, చాలా మెత్తగా. "మీ చూపు బాగానే ఉంది. కాస్త బయట నిలబడతారా?"

తలుపు మూసుకుంది. ఆవిడ మళ్ళీ నా ఎడమ కన్ను మూసింది. ఈసారి బాగా బిగించి.

"ఇప్పుడు వేళ్ళు కాదు. దీపం వేస్తాను. వెలుగు ఎటునుంచి వస్తోందో చెప్పండి చాలు."

కూర్చున్నాను. నడుం నిటారుగా పెట్టి, గడ్డం దించి, మాస్టారు నేర్పినట్టు. ఎదురుచూశాను. పైనెక్కడో ఫ్యాను తిరుగుతోంది. ఆవిడ గాజులు చిన్నగా చప్పుడయ్యాయి, ఒకసారి అటు, ఒకసారి ఇటు.

"వేశారాండి?" అన్నాను.

ఆవిడ నా ఎడమ కంటి మీంచి చెయ్యి తీసింది.

"వేశాను నూకరాజు గారూ."

నా ఎదుటివాడు రాలేదు. కల్యాణమండపంలో అయితే పోటీ నాదే అనేవాళ్ళు.

బయటికి వచ్చాను. ముసలమ్మలందరూ నావైపే చూస్తున్నారు. పోలమ్మ నా మొహం చూసి సంచి సర్దుకుంది. గుమ్మం దగ్గర కుడివైపు మూడు మెట్లున్నాయి. వచ్చేటప్పుడు ఎక్కినవే, ఇప్పుడు నాకు లేవు. బావ నా కుడివైపుకి వచ్చి, మణికట్టు పట్టుకుని నా చెయ్యి పైకెత్తాడు, తన భుజం మీద వేసుకోడానికి.

"సెయ్యెత్తకు బావా," అన్నాను. "గెలిసీసినాననుకుంటారు."

"అనుకోనీ," అన్నాడు. ఆ తరవాత హార్బరు దాకా వినపడేటట్టు, "పాటు బావా! మెట్టు! ఇంకో మెట్టు!"